గడప దాటని పిలుపు

రోజు 118

ఊరికి గాలినిచ్చే పన్నెండు పంకాలూ తిరుగుతున్నాయి. యంత్రం మీద భారం ఎనభై ఎనిమిది శాతం. నాలుగో వాడలో మనిషికొకటి చొప్పున రెండొందల పన్నెండు వరసలు, అన్నీ పలుకుతున్నాయి. పై ఆఫీసుకి ఇంతవరకు రాస్తే చాలు. కానీ నాకు నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు. ఇరవై రెండేళ్ళుగా ఈ బల్ల ముందు కూచుని ఊరందరి మాటలూ ఊరందరికీ అందిస్తున్నదాన్ని, నా మాట నేను రాసుకోకపోతే ఎవరు రాస్తారు?

పొద్దున్న మంగక్క హాజరు పిలిచింది. "గవర్రాజూ, లేచావా నాయనా? మూడో పంకా నీకోసం ఏడుస్తోంది, పద పద. సీతాలూ, పిల్లకి జడ తర్వాత వేద్దువుగాని, ముందు గొంతుపట్టీ కట్టు." ఇలా యాభై రెండు ఇళ్ళనీ ఏదో ఒకటి అని లేపుతుంది. అందరూ అయ్యాక గొంతు తగ్గించి, పక్కగదిలోంచి అడిగినట్టు, "చిట్టీ, తిన్నావా?" అంటుంది. నేను మీట నొక్కి "తిన్నానక్కా" అంటాను. ఆ వేళకి నేను ఏనాడూ తినలేదు. అబద్ధమని తనకీ తెలుసు, ఊరందరికీ తెలుసు. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకి పదహారు. అప్పట్నుంచీ ఇదే ప్రశ్న, ఇదే అబద్ధం.

హాజరు అయిన గంటకి గవర్రాజు మెట్లెక్కి వచ్చాడు. మూడో పంకా రెక్కలు తుడిచే మనిషి. చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"చిట్టమ్మగారూ, తప్పుగా అనుకోకండి. మీ అక్కగారి మాటకీ మాటకీ మధ్య పిల్లికూతలు వస్తున్నాయి. పొద్దున్నే చెవిలో పిల్లి కాపరం పెట్టినట్టుంది. పదిమందీ అనుకుంటున్నారు. మీ మొహం మీద చెప్పే ధైర్యం లేక నన్ను ముందుకి తోశారు."

"నీ గురక ఊరంతా వినపడకుండా ఎవరు ఆపుతున్నారనుకున్నావు? నేను పెట్టిన గడపే. ఒక్కరోజు అది తీస్తే నీ పెళ్ళాం కూడా ఇంట్లో ఉండదు, పో!" అన్నాను.

పోయాడు. కానీ 'పదిమందీ అనుకుంటున్నారు' అన్న ముక్క పోలేదు. మా ఇంటి మనిషి గొంతు గురించి ఊళ్ళో చెప్పుకుంటున్నారా? వరసలు కలిపే చిట్టమ్మ తన అక్క వరస సరిచేసుకోలేకపోయిందనేగా? నాకు తల కొట్టేసినట్టయింది.

రోజు 118, మధ్యాహ్నం

సరిచేశాను. ఎలా చేశానో రాస్తాను, రేపు నేనే మర్చిపోతాను.

పంకాల మోతలో పక్కన నిలబడి అరిచినా వినపడదు కదా. గొంతుపట్టీలోంచి వచ్చిన శబ్దం నా బల్ల మీద ఆ మనిషి వరసలో పడుతుంది. అక్కడ నాలుగు పనిముట్లు. గడప, జల్లెడ, అదుపు, గది. గడప చిన్న చప్పుళ్ళని ఆపుతుంది, దాని ఎత్తుని మించిన మాటే దాటుతుంది. జల్లెడ మోతని వడగడుతుంది. అదుపు నీరసంగా పలికినా గట్టిగా పలికినా ఒక్క తీరుగా లేపుతుంది. చివరిది గది, మాట డొల్లగా కాకుండా నాలుగు గోడల మధ్య పలికినట్టు చేస్తుంది. ఇవన్నీ దాటాకే శబ్దం వినేవాళ్ళ చెవిపోగులకి వెళ్తుంది.

అక్క గడప ఆరు గీతల ఎత్తులో ఉంది. పిల్లికూతలు పోవాలంటే పంతొమ్మిది కావాలి. కానీ ఇంటింటికీ గోడమీద పలక ఉంటుంది, ఎవరి వరసలో ఏ పనిముట్టు ఎంతలో ఉందో వాళ్ళకి కనపడుతుంది. గడప ఎత్తానని చూస్తే అక్క చిన్నబుచ్చుకుంటుంది. అందుకని దాని జోలికి పోకుండా, పట్టీ శబ్దం లోపలికి వచ్చే మొదట్లోనే ఇంకో గడప కట్టాను. అది పలక మీద కనపడదు.

తెలివిగా చేశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రోజు 121

మూడు రోజులుగా వాడంతా అక్క గురించి ఒకటే పొగడ్త. మంగతాయారుగారి గొంతు ఇరవైయేళ్ళ నాటి గొంతులా ఉందట. ఏం మందు వాడుతోందని సీతాలు అడిగిందట. నిజమే, గంట కొట్టినట్టుంది. వింటూ నేనే మురిసిపోయాను.

కానీ మూడు రోజులుగా నన్ను పిలవడం లేదు. యాభై రెండు ఇళ్ళు అయ్యాక నిశ్శబ్దం. మీట మీద వేలు పెట్టుకుని కూచున్నాను, వెధవలా.

గవర్రాజు వచ్చి ఊరుకోవచ్చుగా? "ఏమండీ చిట్టమ్మగారూ, అక్కగారు తమర్ని తిన్నావా అని అడగడం మానేశారేం? వరస తెగిందా?" అని పళ్ళికిలించాడు.

"నా తిండి సంగతి నీకెందుకురా, పంకా తుడుచుకో" అన్నాను. తర్వాత అర్థమైంది. వీడు పిల్లికూతల గోల నాతోపాటు అక్క చెవిన కూడా వేసి ఉంటాడు. నేను వాళ్ళవైపు మాట్లాడానని అక్కకి కోపమొచ్చి ఉంటుంది. ఉంటే ఉండనీ. అడిగితే చెబుతాను, అడగకపోతే నేనూ అడగను.

రోజు 140

సెలవు. అక్క ఇంటికి వెళ్ళాను. బెల్లం వేసి జొన్న సంకటి చేసింది. నేను ముభావంగా తిన్నాను, తనూ ముభావంగా వడ్డించింది. పంకాల మోతలో ఎదురెదురుగా కూచున్నా మాట వచ్చేది నా బల్ల మీంచే, చెవిపోగులోకే. తను నాలుగే మాటలంది, నాలుగూ గంటల్లా వినపడ్డాయి. ఒకసారి పెదవులు కదిలినట్టు అనిపించి తలెత్తాను. నా చెవిలో ఏమీ రాలేదు. సంకటి నములుతోందనుకున్నాను.

హాజరు చివర నా పేరు ఎందుకు మానేశావని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మా ఇంట్లో పట్టుదలలకి తక్కువ లేదు.

రోజు 176

ఇవాళ ఊపిరి పరీక్ష. ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. డాక్టరు హైమావతిగారు నా పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో వరసా వింటారు. ఛాతీ మీద గొట్టం పెడితే పంకాలు తప్ప ఇంకేమీ వినపడవు, అందుకని పరీక్ష ఈ బల్ల మీదే. ఊపిరితిత్తులు పాడైనవాళ్ళలో ఆరుగురిని పంకాలు లేని పై ఊరికి పంపిస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు కోలుకుంటారు.

పరీక్షప్పుడు ఎవరి వరస మీదా పనిముట్లు ఉండకూడదు. ఒక్క మీట నొక్కితే నాలుగూ పక్కకి తప్పుకుంటాయి. నొక్కాను. రెండొందల పన్నెండు వరసలకీ నొక్కాను. యాభై ఏడో వరస అక్కది. డాక్టరుగారు అక్క చేత అంకెలు చెప్పిస్తూ, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు విన్నారు.

"శుభ్రంగా ఉందమ్మా. ఈ వయసుకి ఆశ్చర్యమే" అన్నారు.

నాకు ఎంత గర్వంగా ఉందో.

రోజు 178

జాబితా వచ్చింది. ఆరుగురిలో అక్క లేదు. చెబుదామని పరుగున వెళ్ళాను, పట్టుదల కూడా పక్కన పెట్టి.

గుమ్మం పక్కన చిన్న సంచి సర్ది ఉంది. రెండు చీరలు, దువ్వెన, అమ్మ ఫోటో. పై ఊరికి వెళ్తానని అనుకుంటోందన్నమాట! నాతో ఒక్క ముక్క అనకుండా సర్దేసుకుంది. నన్నిక్కడ వదిలి పోవడానికి అంత తొందరా?

"నీ పేరు లేదు. నీ ఊపిరి గుండ్రాయిలా ఉందట" అన్నాను, కాస్త కటువుగానే.

అక్క సంచి దగ్గరికి వచ్చి కూచుంది. "అలాగా. డాక్టరు చెబితే సరే మరి" అని సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. ఫోటో చివర తీసింది.

రోజు 214

పదమూడో పంకా మొదలైంది. భారం తొంభై ఆరు శాతం. తెర ఎర్రబడి అరుస్తోంది. అందరి వరసల్లోంచీ గది తీసేశాను, ఇప్పుడు ఊరంతా డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది. తిట్లు పడుతున్నాయి. నా చేతిలో ఏముంది, యంత్రం మోయలేకపోతే?

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళాను. చిక్కిపోయింది. మాట మాటకీ భుజాలు పైకి లేస్తున్నాయి. మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి.

"ఏంటక్కా అలా ఉన్నావు?"

"వయసే, ఇంకేముంది" అంది. ఆ మాట ఎంత నిండుగా వినపడిందో! ఇలాంటి గొంతున్న మనిషికి రోగమేమిటని ఇంటికొచ్చేశాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం, కళ్ళకంటే చెవిపోగునే ఎక్కువ నమ్ముతాం.

రోజు 251

ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి పంకాలన్నీ ఆపారు. ఏడాదికోసారి ఇరుసులకి నూనె పోయడానికి అరగంట ఆపుతారు. ఆ అరగంట ఊరికి పండుగే. వీధుల్లోకి వచ్చి పోగులు తీసి ఒకళ్ళనొకళ్ళు ఉత్తి చెవులతో వింటారు. నాకు మాత్రం పని. మోత లేనప్పుడు గడపలన్నీ నేలకి దించి, ఏ వరసలో ఏ దోషముందో చూసుకోవాలి. దానికో పెద్ద మీట ఉంది. అది ఎక్కడ ఏ గడప ఉన్నా దించేస్తుంది.

దించాను. రెండొందల పన్నెండు ఊపిర్లు ఒక్కసారి నా చెవిలోకి వచ్చాయి. వాటిలో ఒకటి రంపం కోస్తున్నట్టుంది. తీగ పాడైందనుకున్నాను. ఒక్కో వరసా మూస్తూ వెతికాను. యాభై ఏడు మూయగానే ఆగింది. తెరవగానే వచ్చింది.

తీగ బాగానే ఉంది.

తెర మీద యాభై ఏడో వరస మొదట్లో ఆ చిన్న గుర్తు కనపడింది. నేను కట్టిన గడప. పంతొమ్మిది గీతలు. పరీక్ష రోజు నేను నొక్కిన మీట నాలుగు పనిముట్లనే తప్పించింది. ఐదోది నేను దాచిపెట్టినది. దాన్ని తప్పించాలని నాకు గుర్తే లేదు. మాటల మధ్య ఊపిరిని అది మింగేసింది, మిగిలిన మాటని అదుపు ఎత్తి నిలబెట్టింది. నేను నాలుగు నెలల పైగా విని మురిసింది ఆ బొమ్మని.

అప్పుడే యాభై ఏడులోంచి చిన్నగా, చాలా చిన్నగా వినపడింది. "చిట్టీ... పంకాలు ఆగాయి. ఇవాళైనా వినపడుతోందా?"

కుర్చీ తన్నుకుంటూ లేచి పరుగెత్తాను.

రోజు 252

హైమావతిగారు మళ్ళీ విన్నారు. ఈసారి రెండు నిమిషాలు అక్కర్లేకపోయింది.

"పరీక్ష నాడు ఇది విని ఉంటే మొదటి పేరు మీ అక్కదే రాసేదాన్ని" అన్నారు. "ఇప్పుడు పై ఊరికి లాక్కెళ్ళే బోనులో ఆరు గంటల ప్రయాణం. ఆ పలచటి గాలి తట్టుకోలేదమ్మా. దారిలోనే..."

"నేను అప్పుడు గడప తీయలేదండీ" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నేను విన్నది నువ్వు పంపిందే కదమ్మా" అని సంచి సర్దుకున్నారు.

రోజు 254

బల్లని పక్కవాడ అమ్మాయికి అప్పజెప్పి అక్క దగ్గరే ఉంటున్నాను. యాభై ఏడో వరస మీద ఏ పనిముట్టూ లేదు. అక్క ఊపిరి మోతతో కలిసి ఉన్నదున్నట్టు వస్తోంది. వాడంతా వింటున్నారు, ఒక్కరూ కిక్కురుమనలేదు.

అంతా చెప్పేశాను. గవర్రాజు రావడం, పరువు పోయిందనుకోవడం, దొంగతనంగా గడప కట్టడం, పరీక్ష. చెబుతుంటే నా మొహం మీద అక్క చెయ్యి పడింది. కొడుతుందనుకున్నాను. ముక్కు తుడిచింది, నాకు నాలుగేళ్ళప్పుడు తుడిచినట్టే.

"నన్ను పిలవడం ఎందుకు మానేశావక్కా?" అన్నాను చివరికి.

"మానేశానా?" అంది. ఊపిరి తీసుకుంది. "రోజూ పిలిచానే. నువ్వే పలకలేదు."

తన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"పిల్లికూతలని అనుకుంటున్నారట కదా, నా వల్ల నీకు నలుగురిలో చిన్నతనమైందేమో, కోపమొచ్చిందేమో అనుకున్నాను." మళ్ళీ ఊపిరి. "కోపంగా ఉన్నదాన్ని పదిమందిలో గట్టిగా పిలిస్తే ఇంకా మండుతుందని, ఇంకాస్త మెల్లిగా పిలిచేదాన్ని."

నేను గడప ఎత్తాను. నా కోపానికి భయపడి తను గొంతు తగ్గించింది. ఇంక ఆ మాట నన్ను చేరే దారెక్కడిది? అక్క ఒళ్ళో తల పెట్టుకుని బావురుమని ఏడ్చాను. వాడందరికీ వినపడిందేమో, నా వరస మూయడం కూడా తోచలేదు.

"సంచి ఎందుకు సర్దావక్కా మరి, నాకు చెప్పకుండా?" అన్నాను ఎక్కిళ్ళ మధ్య.

"జబ్బు సంగతి చెబితే బెంగపెట్టుకుంటావని. పేరు వచ్చాక చెబుదామనుకున్నాను. నీ చీర కూడా ఒకటి పెట్టుకున్నా చూడలేదా? నీలంది. వాసన కోసం."

రెండు చీరలు చూశాను. ఎవరివో చూడలేదు.

రోజు 260

పొద్దున్న ఏడింటికి మంగక్క పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది. పంకాలు తిరుగుతున్నాయి. ఊపిరి ఆగినట్టు ముందు నాకు చెవిలో తెలిసింది, తర్వాత చేతిలో.

రోజు 270

పదకొండో రోజు. చనిపోయినవాళ్ళ వరస పదకొండో రోజున తీసేయాలని నియమం. భారం తొంభై ఏడు శాతం, తీయకపోతే మొన్న పుట్టిన సీతాలు మనవడికి వరస ఇవ్వలేను. 'తీసేయమంటారా?' అని తెర అడిగింది. అవునన్నాను. యాభై ఎనిమిది జరిగి యాభై ఏడు అయింది.

దోషం నమోదు పుస్తకంలో ఇలా రాశాను. వరస 57. మొదట్లో లెక్కకి రాని గడప, ఎత్తు పంతొమ్మిది గీతలు. కట్టినది వరసల చిట్టమ్మ. పరీక్షలో తీయనిది వరసల చిట్టమ్మ. పై ఆఫీసు వాళ్ళు ఏ శిక్ష వేసినా సరేనన్నాను. వాళ్ళు 'ఇకమీదట మొదట్లో గడపలు కట్టరాదు' అని ఒక కాగితం పంపారు. అంతే.

గవర్రాజు ఇప్పుడు హాజరు పిలుస్తున్నాడు. మొదటి రోజు మెట్లెక్కి వచ్చి, ఏడ్చి వెళ్ళిపోయాడు. వాడినేమని అంటాను? పిల్లికూతలని వాడు అన్నాడు, నిజమే అన్నాడు. పిల్లికూతలంటే జబ్బని తెలియాల్సింది నాకు.

రోజు 279

పట్టీల్లోంచి వచ్చే పచ్చి శబ్దం, అంటే ఏ పనిముట్టూ తగలకముందు ఉన్నది, యంత్రం అడుగున నూట అరవై రోజులు నిలవ ఉంటుంది. తర్వాత రోజుకొకటి చొప్పున దానంతటదే చెరిగిపోతుంది. నిండా పంకాల మోత కాబట్టి దాన్ని ఎవరూ వినరు. నేను తొమ్మిది రోజులుగా వింటున్నాను.

119వ రోజు నుంచి 251వ రోజు దాకా నూట ముప్పై మూడు ఉదయాలు ఉన్నాయి. యాభై రెండు ఇళ్ళూ అయ్యాక, ప్రతి ఉదయమూ, మోత అడుగున "చిట్టీ, తిన్నావా?" అని ఉంది. ఒక్కరోజు కూడా మానలేదు. సంచి విప్పేసిన మర్నాడు కూడా ఉంది.

పిలిచాక పట్టీ తీసేయకుండా జవాబు కోసం ఆగేది. ఎంతసేపు ఆగిందో తెర మీద కొలవొచ్చు. మొదటి రోజు నాలుగు సెకన్లు ఆగింది. నెల తిరిగేసరికి ఆరు. గొంతు తగ్గేకొద్దీ ఆగడం పెరిగింది. చివరి ఉదయం పదకొండు సెకన్లు ఆగింది.

119వ రోజుది ఈ సాయంత్రం చెరిగిపోతుంది. రేపు 120, ఎల్లుండి 121. ఆపే వీలుందేమోనని చూశాను, లేదు. చెరిగేలోగా రోజూ ఒకదానికి జవాబు చెబుదామని నిర్ణయించుకున్నాను. అక్కకి చేరదని నాకు తెలుసు, పిచ్చిదాన్ని కాను. అయినా ఒక మనిషి నూట ముప్పై మూడుసార్లు పిలిస్తే ఎప్పుడో ఒకప్పుడు పలకాలి కదా.

పొద్దున్న గవర్రాజు హాజరు అయిపోయింది. ఊరి వరసలన్నీ పక్కన పెట్టి 119 తెరిచాను. మోత, మోత మధ్య అక్క. "చిట్టీ, తిన్నావా?"

నాలుగు సెకన్లున్నాయి. మీట నొక్కాను.

"తినలేదక్కా" అన్నాను.